నీటి లెక్క, మనిషి లెక్క
నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఫ్లోరోసిస్ బాధితులు – వికలాంగుల చట్టాల నిర్వచనాలు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మన సంఘాలలో వికలాంగుల పరిచర్యను గూర్చి మాట్లాడేటప్పుడు సాధారణంగా గుడ్డివారు, కుంటివారు, చెవిటివారు, కుష్ఠురోగులు గుర్తుకు వస్తారు. ఇవి సువార్తలలో మనం చదివిన పేర్లు. అయితే దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో పరిచర్య చేసే కాపరికి ఎదురయ్యే బాధలలో ఒకటి ఈ పట్టికలో లేదు. నలభై ఏండ్లకే మెడ తిప్పలేని రైతు, నడుము వంగి పైకి చూడలేని తల్లి, దొడ్డికాళ్లతో బడికి నడిచే పిల్లవాడు, గార పళ్లు కనబడకుండా చేయి అడ్డం పెట్టుకొని నవ్వే యువతి, వీరందరి బాధకు మూలం ఒక్కటే: తాగిన నీరు. ఆ వ్యాధి పేరు ఫ్లోరోసిస్.

ఈ వ్యాసంలో మేము పరిశీలించేది ఆ వ్యాధి వైద్యాన్ని కాదు. ఆ వ్యాధి సోకిన మనిషిని చట్టం ఎట్లా చూసింది, ఏ మేరకు చూడలేకపోయింది అన్నదే మా ప్రశ్న. మా పరిశీలనలో తేలిన విషయం ఇది: ఫ్లోరైడును ప్రభుత్వం ఊళ్ల లెక్కన లెక్కించింది, వైకల్యాన్ని మనుషుల లెక్కన లెక్కించింది. ఈ రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో ఎన్నడూ కలవలేదు. ఆ సందులో చిక్కుకున్నవారే ఈ వ్యాసానికి కారణం.

1. వ్యాధికి పేరు వచ్చిన క్రమం

ఈ ప్రాంతపు గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడు సహజంగా ఉంటుంది. వర్షపు నీరు భూమిలోకి ఇంకి ఆ రాళ్ల మధ్య చిరకాలం నిలిచినప్పుడు ఫ్లోరైడు నీటిలో కరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణాల సంస్థ 1 మిల్లీగ్రామును కోరదగినదిగాను, వేరే నీరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించదగినదిగాను పేర్కొన్నది. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి తాగినవారిలో ఫ్లోరైడు ఎముకలలో చేరుతుంది. దంతాలు ఏర్పడే వయసులో పిల్లల పళ్లకు మచ్చలు పడతాయి. పెద్దలలో వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోతాయి. ఎముకలను కలిపే స్నాయువులు సైతం గట్టిపడి, కొందరిలో వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి. ఒకసారి వంగిన ఎముకను నిలబెట్టే మందు నేటికీ లేదు.

తెలుగు నేలపై ఈ వ్యాధిని వైద్యులు మొదట గుర్తించినది తెలంగాణలో కాదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని నెల్లూరు ప్రాంతపు రోగులను పరీక్షించి దీనిని వర్ణించారు. నల్గొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌పై ఎ. హెచ్. సిద్దిఖీ వ్రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమల కృష్ణస్వామి ఫ్లోరైడు పీడిత ప్రాంతాల యువకులలో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. అదే దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడితో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి పెట్టిన పేరు ‘నల్గొండ టెక్నిక్’. ఆ పేరుతోనే అది ఆఫ్రికా దేశాల వరకు వెళ్లింది.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. 1970ల నాటికే జిల్లా పేరు ప్రపంచ నీటి శుద్ధి గ్రంథాలకెక్కింది. అయినా ఆ నీరు తాగి వంగిపోయిన మనిషి పేరు ఏ చట్టపు పట్టికకూ ఎక్కలేదు. నీటికి శాస్త్రం దొరికింది గాని మనిషికి నిర్వచనం దొరకలేదు.

2. చట్టానికి పూర్వం: జనాభా లెక్కల వైకల్యాలు

వైకల్యాన్ని పేర్లు పెట్టి లెక్కించడం మన దేశంలో జనాభా లెక్కలతో మొదలైంది. పందొమ్మిదవ శతాబ్ది చివరి నుండి 1931 వరకు జరిగిన లెక్కలలో నాలుగు రకాలవారిని వ్రాసుకునేవారు: మతి స్థిమితం లేనివారు, మూగ చెవిటివారు, గుడ్డివారు, కుష్ఠురోగులు. నడుము వంగినవారికి, కాళ్లు వంకరపోయినవారికి ఆ పట్టికలో గడి లేదు. 1981లో వైకల్యాన్ని మళ్లీ లెక్కించినప్పుడు పూర్తిగా గుడ్డివారిని, పూర్తిగా కుంటివారిని, పూర్తిగా మూగవారిని మాత్రమే అడిగారు. ‘పూర్తిగా’ అనే ఆ ఒక్క మాట ఎంతమందిని బయట నిలబెట్టిందో పాఠకులు ఊహించగలరు. ఫ్లోరోసిస్ మనిషిని ఒక్క రోజులో పూర్తిగా కుంటివానిని చేయదు. మొదట మెడ, తరువాత నడుము, ఆ తరువాత మోకాళ్లు, ఇట్లా ఇరవై ముప్పై ఏండ్లు అది కొంచెం కొంచెంగా తీసుకుంటుంది.

పేరున్న వ్యాధికి చట్టమూ సంఘమూ రెండూ స్పందించాయి. కుష్ఠురోగమే దానికి నిదర్శనం. బ్రిటిష్ ఇండియాలో 1898లోనే కుష్ఠురోగుల చట్టం వచ్చింది. అది వారిని వేరుచేసి ఉంచిన చట్టం. 2016లో గాని రద్దు కాలేదు. మరొక వైపున మెథడిస్టు మిషను వారు నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠు వైద్యశాలను నెలకొల్పారు. డాక్టర్ ఇసబెల్ కెర్ అక్కడ చేసిన సేవ మన సంఘ చరిత్రలో అందరూ ఎరిగినదే. నల్గొండలో 1890లో అబ్రహాం ఫ్రీసెన్ పని ప్రారంభించారు. తరువాత కాలంలో మెనొనైట్ బ్రదరన్ మిషను దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల వంటి చోట్ల సువార్త పనితో పాటు వైద్య పరిచర్యను విస్తరింపజేసింది. ఆ సేవను మేము తక్కువ చేయడం లేదు. అయితే కుష్ఠుకు మిషను చరిత్రలో దక్కిన స్థానం ఫ్లోరోసిస్‌కు దక్కలేదు. కుష్ఠు బైబిలులో పేరున్న బాధ. ఫ్లోరోసిస్ పేరు లేని బాధ. చట్టం వలెనే సంఘం కూడా తనకు తెలిసిన పేరునే ముందుగా చూసింది.

3. 1995 చట్టం: ఏడు పేర్లు, నలభై శాతం

1995 చివరలో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల (సమాన అవకాశాలు, హక్కుల పరిరక్షణ, పూర్తి భాగస్వామ్యం) చట్టం 1996 ఫిబ్రవరి 7న అమలులోకి వచ్చింది. అందులో ఏడు వైకల్యాలున్నాయి: అంధత్వం, చూపు మందగింపు, కుష్ఠు నయమైనవారి స్థితి, వినికిడి లోపం, చలన వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి. వైద్యాధికారి ధ్రువీకరించిన మేరకు వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నవారే చట్టం దృష్టిలో వికలాంగులు.

ఫ్లోరోసిస్ బాధితులు ఈ చట్టానికి పూర్తిగా వెలుపల ఉన్నారనడం సరికాదు. ఎముకలు, కీళ్లు, కండరాల లోపం వలన అవయవాల కదలిక గణనీయంగా తగ్గిపోవడాన్ని చట్టం చలన వైకల్యమన్నది. కాళ్లు బాగా వంకరపోయినవారు, పక్షవాతం వచ్చినవారు ఆ తలుపు గుండా లోపలికి రాగలిగారు. కాని అది ఇరుకైన తలుపు. మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, కొలత. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కొలవవచ్చు. రాత్రంతా నిద్రపోనివ్వని నొప్పిని కోణమానినితో కొలవలేము. కూలి పనికి నాలుగు గంటలు వంగగలిగి ఐదవ గంటకు లేవలేని మనిషికి ఎంత శాతం? మెడికల్ బోర్డు ముందు ఆయన నిలబడేది కొద్ది నిమిషాలే.

రెండవది, కాలం. పోలియో లేక ప్రమాదం వలన కలిగిన వైకల్యం ఒకసారి వచ్చి నిలిచిపోతుంది. ఫ్లోరోసిస్ పెరుగుతూ ఉంటుంది. ఈ సంవత్సరం 30 శాతమని వెనుకకు పంపబడినవాడు కొన్నేండ్లకు 50 శాతానికి చేరవచ్చు. మళ్లీ వెళ్లమని అతనికి చెప్పేవారెవరు?

మూడవది, కారణం. ధ్రువపత్రం చలన వైకల్యమని మాత్రమే చెబుతుంది. అది నీటి వలన కలిగినదని, ఆ నీరు సరఫరా చేయవలసిన బాధ్యత ఒకరికి ఉండినదని అందులో వ్రాసి ఉండదు. ఫలితంగా ప్రజలందరికీ జరిగిన అన్యాయం ఒక్కొక్కరి దురదృష్టంగా మారిపోయింది.

మహబూబ్‌నగర్ జిల్లా పరిస్థితి దీనికి మరొక చిక్కును కలిపింది. దేవరకొండకు ఆనుకొని ఉన్న కల్వకుర్తి, ఆమనగల్లు వైపు మెట్ట నేలలలోనూ ఫ్లోరైడు సమస్య ఉంది. అయితే పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టడానికి వలస వెళ్లినవారు. ఏడాదిలో చాలా నెలలు ఊరిలో లేని మనిషిని ఊరిలో జరిగే శిబిరం చూడదు. నొప్పి వచ్చినప్పుడు అది రాళ్లు మోసినందువలననో వయసు వలననో అనుకుంటాడే తప్ప, చిన్ననాడు తాగిన బావి నీటిని అనుమానించడు.

4. 1996: ప్రజలు పట్టికను దిద్దిన విధం

చట్టం అమలులోకి వచ్చిన ఆ 1996లోనే నల్గొండ ప్రజలు తమ బాధను మరొక పట్టికకు ఎక్కించారు. ఆ ఏటి లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి తాగునీరు, సాగునీరు కోరుతూ రైతులను నామినేషన్లకు నిలిపింది. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. ఎన్నికను వాయిదా వేయవలసి వచ్చింది.

అదే సంవత్సరం తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యికి పైగా అభ్యర్థులు నిలిచారు. ఆ తరువాత ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి, లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన డిపాజిట్టును 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచారు. చట్టం ఎంత త్వరగా మారగలదో ఇందులో తెలుస్తున్నది. అభ్యర్థుల సంఖ్య ఇబ్బంది పెట్టినప్పుడు నెలలలో సవరణ వచ్చింది. వికలాంగుల నిర్వచనం మారడానికి ఇరవై ఏండ్లు పట్టింది.

2003లో మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామిని జల సాధన సమితి వారు ఢిల్లీకి తీసుకొనిపోయి, నాటి ప్రధానమంత్రి వాజ్‌పేయి బల్లపై పడుకోబెట్టారు. ఫ్లోరోసిస్‌తో ఎదుగుదల ఆగి, కాళ్లు చేతులు వంగిపోయిన ఆ యువకుడు ఉద్యమానికి ముఖచిత్రమయ్యాడు. నివేదికలు చెప్పలేనిదాన్ని ఒక శరీరం చెప్పవలసి వచ్చింది. ఆయన 2023 జనవరిలో మరణించారు.

5. 2016 చట్టం: ఇరవై ఒక్క పేర్లు

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారతదేశం 2007లో ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వికలాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో ఆమోదం పొంది, 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చింది. ఏడు వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి, పార్కిన్‌సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్, కండరాల క్షీణత, మరుగుజ్జుతనం, ఆమ్ల దాడి బాధితులు, ఆటిజం మొదలైనవి చేరాయి. అంతవరకు ఎక్కువమంది వినని వ్యాధులకు ఇది నిజంగా మేలు. ఇతర వర్గాలను కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేయవచ్చునని కూడా షెడ్యూలు చెబుతుంది.

ఆ ఇరవై ఒక్క పేర్లలో ఫ్లోరోసిస్ లేదు. దాని బాధితుడు నేటికీ చలన వైకల్యం అనే పాత తలుపు నుండే రావాలి.

పేరు చేరినంత మాత్రాన అన్నీ సమకూరవని కూడా మనం తెలుసుకోవాలి. ప్రభుత్వోద్యోగాలలో 4 శాతం రిజర్వేషనును చట్టం కొన్ని వర్గాలకే పంచింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ బాధితులు షెడ్యూలులో ఉన్నా ఆ పంపకంలో లేరు. ఇక 40 శాతం గీత ‘ప్రామాణిక వైకల్యం’ అనే పేరుతో కొనసాగింది.

అయినా 2016 చట్టంలో ఒక విత్తనముంది. వికలాంగుడంటే ఎవరో చెప్పేటప్పుడు అది శాతాన్ని ప్రస్తావించలేదు. దీర్ఘకాలిక లోపమున్న వ్యక్తి, అడ్డంకుల కారణంగా సమాజంలో ఇతరులతో సమానంగా పాల్గొనలేకపోతే అతడు వికలాంగుడే. 40 శాతం అనేది కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకే వర్తిస్తుంది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఈ తేడాను స్పష్టం చేసింది. ఆయనకున్నది వ్రాసేటప్పుడు చేయి బిగుసుకుపోయే అరుదైన స్థితి. ప్రామాణిక వైకల్యం లేనందున పరీక్షలో లేఖకుని ఇవ్వబోమన్న వాదనను కోర్టు అంగీకరించలేదు. 40 శాతం గీత దాటనివారికి కూడా సహేతుకమైన సదుపాయం పొందే హక్కు ఉన్నదని తీర్పు చెప్పింది. వ్రేళ్లు, మోచేయి బిగుసుకుపోయిన మర్రిగూడ విద్యార్థికి ఈ తీర్పు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

6. రెండు లెక్కల మధ్య

2008–09లో కేంద్ర ఆరోగ్య శాఖ జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. వికలాంగుల చట్టం సామాజిక న్యాయ శాఖ పరిధిలోనిది. తాగునీరు మరొక శాఖది. నీటి శాఖ ఆవాసాలను లెక్కిస్తుంది, ఆరోగ్య శాఖ రోగులను లెక్కిస్తుంది, సామాజిక న్యాయ శాఖ ధ్రువపత్రాలను లెక్కిస్తుంది. ఒకే మనిషి మూడు చోట్లా లెక్కకు రావలసినవాడు. ఎక్కడా పూర్తిగా రాలేదు.

మిషన్ భగీరథ ద్వారా కృష్ణా, గోదావరి నీరు ఇంటింటికీ చేరడం ఈ ప్రాంత చరిత్రలో పెద్ద మలుపు. 2020లో ఫ్లోరైడు పీడిత ఆవాసాల సంఖ్య కేంద్రం లెక్కలలో సున్నాకు చేరిందని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. దానికి మనం దేవుని స్తుతించాలి. మంచినీళ్లు తాగి పెరిగే పిల్లలకు ఆ వంకర కాళ్లు రావు. అయితే సున్నా అన్నది ఊళ్ల లెక్క. 1980లలో, 90లలో ఆ నీరు తాగి ఎదిగినవారు నేడు నడివయసులో ఉన్నారు. వారి ఎముకలకు ఆ ప్రకటన వర్తించదు. సమస్య తీరిందన్న మాట వినిపించిన తరువాత వారి దరఖాస్తు మరింత బలహీనపడే ప్రమాదమున్నది. ‘ఇప్పుడు ఫ్లోరైడు ఎక్కడిది?’ అన్న ప్రశ్న వారిని బాధించే క్రొత్త అడ్డంకి.

తెలంగాణలో ఆసరా పథకం 2014లో మొదలైనప్పుడు వికలాంగుల పింఛను 1,500 రూపాయలు. 2023లో అది 4,016 రూపాయలకు పెరిగింది. పింఛను విలువ పెరిగిన కొద్దీ 40 శాతం గీతకు ఇవతల, అవతల ఉన్నవారి మధ్య దూరం కూడా పెరుగుతున్నది.

7. వాక్యపు వెలుగులో

లేవీయకాండము 13లో యాజకుడు రోగిని పరీక్షించి, ఏడు దినములు వేరుగా ఉంచి, తిరిగి చూచి నిర్ణయం ప్రకటిస్తాడు. శరీరాన్ని చూచి మనిషి సామాజిక స్థానాన్ని నిర్ణయించే అధికారం నేటి మెడికల్ బోర్డుకు క్రొత్తగా వచ్చినది కాదు. అయితే ఆ ధర్మశాస్త్రంలోనే తిరిగి చూడవలెనన్న నియమమున్నది. ఒక్కసారి చూచి పంపివేయడం అక్కడ లేదు.

మార్కు 1:40–45లో యేసు కుష్ఠురోగిని ముట్టి స్వస్థపరచిన తరువాత, యాజకునికి కనబరచుకొమ్మని పంపించాడు. స్వస్థత ఇచ్చినవాడు ధ్రువీకరణను చిన్నచూపు చూడలేదు. ఆ మాట లేనిదే ఆ మనిషి తన ఊరిలోకి, తన పనిలోకి తిరిగి రాలేడని ఆయన ఎరుగును. ధ్రువపత్రాల కోసం తిరగడం ఆత్మీయ పరిచర్య కాదని అనుకునే కాపరులు ఈ భాగాన్ని మళ్లీ చదవాలని మా మనవి.

లూకా 13:10–17లోని స్త్రీ పదునెనిమిది ఏండ్లు నడుము వంగి ఉన్నది. ఆమె రోగానికి వైద్యుల పేరేదీ ఆ వచనాలలో లేదు. సమాజమందిరపు అధికారి ఆమెను మరొక దినమున రమ్మన్నట్టు మాట్లాడాడు. యేసు ఆమెను అబ్రాహాము కుమార్తె అన్నాడు. అంటే నిర్వచనం కంటె ముందు సంబంధాన్ని గుర్తించాడు.

2 రాజులు 2:19–22లో ఎలీషా యెరికో నీళ్లను బాగుచేశాడు. ఈ భాగాన్ని మన ప్రాంతపు సంఘాలలో మంచినీటి పథకాల సందర్భంగా ప్రకటించడం ఎంతో తగును. కాని అంతకు మునుపే ఆ నీటి వలన నష్టపోయినవారి సంగతి ఆ భాగంలో వ్రాయబడలేదు. వ్రాయబడని ఆ పేజీ మన పరిచర్యకు మిగిలియున్నది.

యోహాను 9లో శిష్యులు పాపమెవరిదని అడిగారు. ఫ్లోరోసిస్ బాధితుల ఇండ్లలోనూ ఈ ప్రశ్న వినబడుతుంది. మన ప్రసంగాలు కొన్నిసార్లు దానికి బలమిస్తాయి. వంగిన నడుముకు కారణం పాపమా అని వెదకేముందు, ఆ బావి నీటిలో ఏమున్నదో అడగడం మన బాధ్యత.

ముగింపు

నాలుగు పేర్లు ఏడయ్యాయి, ఏడు ఇరవై ఒకటయ్యాయి. పట్టిక పెరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు లోపలికి వచ్చారు. అది వెలుపల నిలబడినవారు అడిగినందువలన జరిగింది. ఫ్లోరోసిస్ పేరును ప్రభుత్వం నోటిఫై చేయవలెనని కోరడం న్యాయమైన కోరిక. ఆ రోజు వచ్చే వరకు సంఘ కాపరులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. సంఘంలో మెడ, నడుము, మోకాళ్లు బిగుసుకున్నవారి పేర్లు వ్రాసి ఉంచాలి. ఏ ఊరి నీరు ఎన్ని ఏండ్లు తాగారో దాని పక్కనే వ్రాయాలి. వలస వెళ్లినవారు పండుగకు వచ్చినప్పుడు వారి సంగతి అడగాలి. ఒకసారి తిరస్కరింపబడినవారిని బాధ పెరిగినప్పుడు తిరిగి పరీక్షకు తోడుకొని పోవాలి. 40 శాతం రానివారికి కూడా చదువులో, పరీక్షలో హక్కులున్నాయని విద్యార్థులకు చెప్పాలి. మందిరంలో క్రింద కూర్చోలేనివారికి ఒక కుర్చీ వేయాలి.

ప్రభుత్వపు పుస్తకంలో ఊరి లెక్క ఒకచోట, మనిషి లెక్క మరొకచోట ఉన్నది. సంఘ రిజిస్టరులోనైనా ఈ రెండూ ఒకే పేజీలో ఉండవలెనని మా ఆశ.